అడగడానికే బయల్దేరాం

ఆదివారం పొద్దున్నే మారతహళ్ళి వంతెన దగ్గర కాడుగోడి బస్సెక్కాం, మా ఆయనా నేనూ. కారు మాట్లాడతానంటే వినలేదు. "రైల్లో అయితే కావాలన్నప్పుడు లేచి నిలబడొచ్చు," అన్నాడు. శనివారం డయాలిసిస్ అయిందంటే ఆదివారం కాస్త మనిషిలా ఉంటాడు. ఆ ఒక్క రోజును నమ్ముకునే మా తిరుగుళ్ళన్నీ.

వెళ్ళేది వాళ్ళక్క ఊరికి. బంగారుపేటలో రైలు దిగి ఇంకో బస్సెక్కితే, పెద్ద చెరువు ఒడ్డున ఉండే చిన్న పట్నం. పేరు రాయను. ఆ ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు, వదినకు తలవంపులు నాకిష్టం లేదు.

మా ఆయనకు రెండు కిడ్నీలూ పోయాయి. నాది ఇద్దామంటే కలవలేదు. అత్తా మామా ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. మిగిలింది వదినొక్కతే. తల్లి పోయాక ఈయన్ని పెంచింది కూడా ఆమే. పోయిన ఎండాకాలం బెంగళూరొచ్చి పరీక్షలన్నీ చేయించుకుంది. కలిసిందని డాక్టరు చెప్పగానే, "నాది ఇస్తా. ఇంక దాని గురించి దిగులు పడొద్దండి," అని మా ఇద్దరి చేతులూ పట్టుకుంది. తర్వాత ఆసుపత్రివాళ్ళు రమ్మన్న రోజుకు రాలేదు. ఫోన్ చేస్తే వానల సంగతి చెబుతుంది, టమోటా తోట సంగతి చెబుతుంది, అసలు సంగతి మాత్రం ఎత్తదు. ఇస్తుందా, ఇవ్వదా? ఆ మాట అడగడానికే బయల్దేరాం.

ఫోన్లోనే అడిగేస్తే పోయేది కదా అని నేనూ అన్నాను. "అట్లాంటి మాట ఫోన్లో అడుగుతారా ఎవరైనా," అని కసురుకున్నాడు. వాళ్ళవైపు పెద్ద మాట ఏదైనా ఎదురుగా కూర్చునే అడగాలి, అదీ భోజనాలు అయ్యాకే. ముందే అడిగి కాదనిపించుకుంటే ఇంక ఆ ఇంట్లో కంచం ముందు ఎలా కూర్చుంటారు? పైగా అడగాల్సింది తోడబుట్టినవాడే, కోడలు నోరెత్తకూడదు. మాది కృష్ణా జిల్లా. మేం గుమ్మంలోనే అడిగేస్తాం, కావాలంటే గుమ్మంలోనే పోట్లాడుకుంటాం. సరే, మీ పద్ధతే కానివ్వండి అని ఊరుకున్నాను.

కాడుగోడిలో రైలెక్కాక కిటికీ పక్కన కూర్చోబెట్టి, "ఏమని అడుగుతారు?" అన్నాను.

"అడుగుతాలే."

"ఏమని? నాకోసారి చెప్పండి."

కిటికీలోంచి చూస్తూ, "అక్కా, నువ్వు ఆ రోజు చెప్పిన మాట..." అని ఆగిపోయాడు. బంగారుపేట వచ్చినా దాని తర్వాతి ముక్క రాలేదు. ఆఫీసు మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడే మనిషి! నాకు ఒళ్ళు మండింది. తిడదామని ఆయన వైపు తిరిగితే, సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిపోయిన ఆ చెయ్యి కనపడింది.

రెండో బస్సు చెరువుకట్ట మీదే దింపింది. చెరువు నిండా నీళ్ళున్నాయి. వదిన కట్ట మీదికే ఎదురొచ్చింది.

"మీ నీళ్ళే అప్పా ఇవి," అంది తమ్ముడితో నవ్వుతూ. "బెంగళూరులో మీరు పోసుకునే నీళ్ళంతా శుద్ధి చేసి మా చెరువులకు వదల్తా ఉండారు."

"నా రక్తం మాదిరే. కడగడం, మళ్ళీ వదలడం," అన్నాడు మా ఆయన. ఆ ఊరొస్తే ఆయన మాట కూడా మారిపోతుంది.

వదిన నవ్వు ఆగిపోయింది. నా చేతిలో సంచి లాక్కుని గబగబా ముందు నడిచింది.

వదిన భర్త, నాకు అన్నయ్య వరస, వసారాలో కూర్చుని ఉన్నాడు. "రాండి రాండి," అని పలకరించాడు. బస్సులో సీటు దొరికిందా అని అడిగాడు. తోటకు నీళ్ళు పెట్టాలంటూ తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి చుట్టాలొస్తే, అన్నం వేళకు, మిట్టమధ్యాహ్నం నీళ్ళు పెట్టడమేమిటి? నాకు సగం అర్థమైపోయింది.

కానీ భోజనం దగ్గర మళ్ళీ ఆశ పుట్టింది. వదిన కూరలన్నీ ఓసారి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వండింది, బెంగళూరులో డాక్టరు చెప్పగా విన్నది విన్నట్టు. నట్టింట్లో టమోటా బుట్టలు పేర్చి ఉన్నాయి, కంచంలో ఒక్క టమోటా ముక్క లేదు. ఉప్పు లేదు. తనూ ఆ చప్పిడి కూడే మాతో కూర్చుని తింది. ఇంత గుర్తుపెట్టుకున్న మనిషి కాదంటుందా అనుకున్నాను. నా పిచ్చిగానీ.

చేతులు కడుక్కున్నాక నేను సంచిలోంచి చీర తీశాను. అక్క ఇంటికి తమ్ముడు ఒట్టి చేతులతో వెళ్ళడు కదా, ఏటా పెట్టేదే. ఈసారి బళేపేటలో పట్టుచీరల కొట్లన్నీ తిరిగి కొన్నాను. పళ్ళెంలో వక్కాకు, పళ్ళు, చీర పెట్టి, బొట్టు పెట్టి, ఇద్దరం కలిసి అందించాం. వదిన చెయ్యి చాచలేదు. పుట్టింటి చీర వద్దన్న ఆడదాన్ని నేను అంతవరకు చూడలేదు.

"ఈసారికి వద్దులే అమ్మీ. నువ్వే కట్టుకో," అంది నాతో.

"అదేంటి వదినా?"

"తీసుకుంటే మాట ఇచ్చినట్టే గదా." వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "మీ అన్న వద్దని ఒక్క మాట అన్లేదు. నేను మాటిచ్చి వచ్చిన పొద్దు నుంచి ఇంట్లో సరిగ్గా అన్నం తినడు. నాతో మాట్లాడడు. అంతే." తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు అడుగు నాయనా. నీ నోటితో నువ్వు అడిగితే నేను కాదన్ను."

అడగండి, అడగండి అని లోపల్లోపల మొత్తుకున్నాను. పళ్ళెం ఇద్దరి చేతుల్లోనూ ఉంది, నా వేళ్ళతో ఆయన వేళ్ళు గట్టిగా నొక్కాను.

"ఏం అడగాల అక్కా?" అన్నాడు. "ఊరికే నిన్ను చూసి పోదామని వచ్చినాము. నాకు వేరే చోట దొరికింది. ఆసుపత్రి వాళ్ళే ఇప్పిస్తా ఉండారు. చీర ఎప్పుడూ పెట్టేదే, తీసుకో."

పచ్చి అబద్ధం. ఆసుపత్రి వాళ్ళు ఎదురుచూడమన్నారు, ఎన్నాళ్ళో వాళ్ళకే తెలియదు. వదిన ఆయన ముఖంలోకి చూసింది, ఎంతసేపు చూసిందో. తర్వాత పళ్ళెం అందుకుని, చీర మొహానికి అడ్డం పెట్టుకుని భోరుమని ఏడ్చింది. నమ్మిందో, నమ్మాలనుకుందో. ఆ ఏడుపులో బరువు దిగిన సంగతి మాత్రం నాకు వినపడింది. ఇంక నేనేం మాట్లాడను?

తిరుగు బస్సులో కట్ట దాటేదాకా ఓపిక పట్టాను.

"మీకేమైనా మతి ఉందా? తనంతట తనే అడగమంది కదా. ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఇచ్చేది."

"ఇస్తుందనేగా ఇంత దూరం వచ్చింది."

"ఇచ్చి మళ్ళా ఆ ఇంట్లోనే బతకాల గదా ఆమె." బస్టాపు పేరు చెప్పినంత మామూలుగా అన్నాడు, "నా తర్వాత అక్కకు పుట్టింటి చీర పెట్టేవాళ్ళు ఎవరుండారు? ఇదొక్కటన్నా మనసారా కట్టుకోనీ."

ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చాడని అప్పుడు తెలిసింది. నేనొక్కదాన్నే అడగడానికి వచ్చాను.

"అక్కకు చీర సరే. మరి నాకు?" అన్నాను.

ఆయన నావైపు తిరిగాడు. నా సంగతి ఆలోచించనే లేదని ఆ ముఖం చూస్తేనే తెలిసిపోయింది. బంగారుపేట స్టేషన్లో రైలొచ్చేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.