అత్తమ్మ పంటిలో చాందీ

మొన్న పొద్దున్నే కుంభారి ఊరి నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త నిద్రలోనే పోయిందని. చాయ్ ఇద్దామని లేపితే లేవలేదని ఆమె కోడలు ఏడుస్తూ చెప్పింది. వింటుంటే నాకు ముందుగా అత్తమ్మ నవ్వు గుర్తొచ్చింది. నవ్వితే కుడి దవడలో రెండు పళ్ళు నల్లగా మెరిసేవి.

నా చిన్నప్పుడు కుంఠా నాకా బస్తీలో మేము పక్కపక్క గదుల్లో ఉన్నప్పుడు ఆమె కార్ఖానా తువ్వాళ్ళకు అంచులు కుట్టేది. నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. నా స్కూలు చొక్కాలకు ఆమె కుట్టిన బొత్తాం ఒక్కటీ ఊడలేదు. దారం తెంచడానికి ఒళ్ళో కత్తెర ఉన్నా ముట్టేది కాదు. పుచ్చిన పళ్ళలో ఎప్పుడో చాందీ, అదే వెండి సిమెంటు, నింపించుకుంది. అందులో ఒకదాని అంచు విరిగి పదునెక్కింది. దారాన్ని దానికి అందించి టక్కున కొరికేది.

"కత్తెర తీసుడు, పెట్టుడు, టైమ్ ఖరాబ్. నా చాందీ ఉన్నది గద" అనేది. నేను కొరకబోతే మాత్రం చేతి మీద ఒక్కటిచ్చేది.

కొన్నాళ్ళ కిందట ఆమె చేతులు వణకసాగాయి. కుట్టు వంకరపోతే కార్ఖానావాళ్ళు తువ్వాళ్ళు తిప్పి పంపేవారు. అప్పుడే ఎవరో ఫోనులో వీడియో చూపించారట, పాత చాందీలో పాదరసం ఉంటుందని, అది నరాలను తినేస్తుందని.

"ఇన్నేండ్లు నోట్ల పారా వెట్టుకొని మింగిన గదనే బిడ్డా! అది తీపిస్తే చేతులు నిలుస్తయి" అంది.

కొంతం చౌక్ దగ్గర పళ్ళ డాక్టరుకు చూపించాను. ఆయన ఓపికగానే చెప్పాడు. వణుకు దానివల్ల కాదట, నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు. గట్టిగా ఉన్న చాందీని పెకిలిస్తేనే పాదరసం ఆవిరి ఎక్కువ వస్తుందట, విరిగినదొక్కటి మారిస్తే చాలన్నాడు.

మెట్లు దిగుతూ అత్తమ్మ నా చెవిలో అంది: "మనం గరీబోళ్ళమని జూసి అట్ల చెప్తున్నడు పాపం. మంచోడే."

ఆయన సలహా, మా స్తోమత రెండూ ఒక్క పంటి దగ్గరే ఆగాయి. ఇక ఆమెను నమ్మించడం నా తరం కాలేదు. నరాల డాక్టరంటే "ముందు ఇది కానీ" అనేది.

విరిగిన ఆ చాందీ ఒక్కటీ తీయించి తెల్ల సిమెంటు పెట్టించాం. ఇంటికొచ్చి కుట్టు ముందు కూర్చుంది. అలవాటు కొద్దీ దారం కొరికింది. కొత్తదాని మూల విరిగి చేతిలో పడింది. నోరు మూసుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"తెల్లది దేనికి పనికిరాదే."

ఆ తర్వాత ఎప్పుడు కలిసినా ఒకటే మాట, "రెండోది ఎప్పుడు తీపిద్దామే?" కాదనడానికి నోరు రాలేదు. సరేననడానికి చేతిలో ఏమీ లేదు. పండగ కానీ అత్తమ్మా అనేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే కోపం వస్తుంది. ఎవరి మీదో నాకే తెలియదు. ఆ రెండో చాందీ ఆమెతోనే పోయింది.

కుట్టు పూర్తయిన ఆఖరి తువ్వాలు ఒకటి ఆమె మంచం మీద దొరికింది. దారం తెంచలేదు, సూది దానికే వేలాడుతోంది. ఇంటికి తెచ్చుకున్నాను. కత్తెర తీశాను గానీ చేతులు రాలేదు. గోడకున్న మేకుకు తగిలించాను. ఫ్యాను వేసినప్పుడల్లా దారం చివర ఆ సూది వణుకుతోంది.