మునగ బెండు, మెక్సికో బాయి

మా బిడ్డ సింగపూర్ సైన్స్ పార్క్‌లో ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకముందే ఫోన్ నా ముందర పెట్టింది. మెక్సికోలో వాళ్ళకు మీటింగ్ ఉందట. స్కూలు సెలవులు కూడా అప్పుడే వస్తున్నయి కాబట్టి మనుమరాలిని, నన్ను కూడా తీసుకుపోతానన్నది. మీటింగ్ అయినంక ఒకరోజు ఖాళీ. ఆ రోజు బస్సు ఎక్కించుకుని, పొద్దున మాయా వాళ్ళు కట్టిన పాత గుళ్ళు చూపించి, పగటాల ఒక బాయిలో ఈత కొట్టించి, పొద్దుగూకేసరికి మళ్ళీ హోటల్ కాడ దింపే టూర్ ఉందట. మాయా వాళ్ళంటే ఎవరని అడిగిన. ఎన్నో వందల ఏండ్ల కింద ఆ అడవుల్లో పెద్ద పెద్ద ఊళ్ళు కట్టినోళ్ళని, వాళ్ళ మనుమలు ముని మనుమలు ఇప్పటికీ అక్కడే ఉన్నరని చెప్పింది.

గుడి ఫోటోలు చూసిన. మెట్ల మీద మెట్లు పేర్చుకుంటూ పైకి పోయింది. బాగుంది అన్న. బిడ్డ వేలితో జరిపితే బాయి ఫోటో వచ్చింది. అప్పుడు ఫోన్ నా చేతిలోకి తీసుకున్న. భూమిలో గుండ్రంగా ఇంత పెద్ద బొంద. చుట్టూ రాతి గోడ. పైన చెట్ల వేర్లు జడలు విప్పుకున్నట్టు నీళ్ళ దాకా వేలాడుతున్నయి. అడుగున నీలంగా నీళ్ళు. దిగడానికి పక్కన మెట్లు.

"ఇది మన మోటబాయి కదనే" అన్న.

మోటబాయి కాదు, సెనోటే అంటరని చెప్పింది. ఎవరూ తవ్వలేదట, నేల దానంతట అదే కుంగి పడ్డదట. నన్ను దిగనిస్తరా అని అడిగిన. బిడ్డ నవ్వింది. మోకాళ్ళు, షుగరు, వయసు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చదివి, "నువ్వు పైన కూర్చొని బ్యాగులు చూసుకో అమ్మా" అన్నది. ప్రేమతోనే అన్నది. కానీ ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా నా మనసు బ్యాగుల కాడ లేదు, నీళ్ళ కాడనే ఉన్నది.

నాకు ఈత వచ్చన్న సంగతి నా బిడ్డకు తెల్వదు. చెప్పే సందర్భం ఎప్పుడు వచ్చింది గనుక. చిన్నప్పుడు ఎండాకాలమంతా నేను మోటబాయిలోనే ఉండేదాన్ని. మునగ కట్టె ఎండితే లోపల గుల్లబారి తేలికైపోతది, నీళ్ళలో మునగదు. మా నాయిన ఆ బెండును తాడుతో నా నడుముకు కట్టి బాయిలోకి దింపేటోడు. నేను కాళ్ళూ చేతులూ ఎట్లపడితే అట్ల కొట్టుకునేదాన్ని, బెండు నన్ను పట్టుకుని ఉండేది. నాకు తెల్వకుండ నాయిన రోజూ కొడవలితో ఆ బెండును కొంచెం కొంచెం చెక్కుకుంటూ వచ్చిండు. ఒకనాడు నేను నడుమ బాయిలో ఉంటే మా అన్న గట్టు మీద నిలబడి, నీ నడుముకు తాడే ఉంది, బెండు ఏదే అన్నడు. తడుముకుంటే నిజంగానే లేదు. అయినా తేలుతున్న.

పెద్దమనిషినైనంక అమ్మ నన్ను బాయి దిగవద్దన్నది. నాయిన ఆ తాడు తీసుకుపోయి దూడకు కట్టిండు. అప్పటి సంది నాకు నీళ్ళంటే బిందెలో నీళ్ళు, బకెట్లో నీళ్ళు. ఇన్నేండ్ల తర్వాత ఒంటికి ఈత గుర్తుందా లేదా అన్నది ఆ ఫోటో చూసినప్పటి నుంచి నన్ను పట్టుకున్నది. ఊరికే కూర్చుని ఆలోచిస్తే తెలిసేది కాదది.

శనివారాలు మనుమరాలిని క్లెమెంటిలో మా ఇంటి దగ్గరి పూల్‌కు ఈత క్లాసుకు తీసుకపోయేది నేనే. ఒక శనివారం పిల్ల అటు పోగానే నేను చీర మడిమల పైకి పట్టుకుని పూల్ మెట్ల మీద ఒక కాలు పెట్టిన. లైఫ్‌గార్డ్ అంకుల్ వచ్చి, మర్యాదగానే, గోడ మీది బోర్డు చూపించిండు. బోర్డు మీద బొమ్మల్లో ఈత బట్టలు వేసుకున్న మనిషికి టిక్కు ఉంది, మామూలు బట్టల మనిషికి ఇంటూ ఉంది. కాలు తీసుకున్న.

ఇదంతా చూసి బెంచీ మీద ఒకామె నవ్వుతున్నది. మా బ్లాకులోనే కింది అంతస్తులో ఉంటది, హైదరాబాద్ పాతబస్తీ ఆమె. ఇక్కడికి వచ్చి చానా ఏండ్లయింది. నేను ఆపా అంటే, ఆమె నన్ను అక్కా అంటది. ప్రతి శనివారం టిష్యూ ప్యాకెట్ పెట్టి బెంచీ తనదని ఇక్కడోళ్ళ లెక్క చోప్ చేసి, తల నుంచి మడిమల దాకా కప్పే నల్లటి ఈత డ్రెస్సు వేసుకుని నీళ్ళలోకి దిగుతది. ఈత రాదు, నీళ్ళలో నడుస్తది. డాక్టరు నడవమన్నడట.

నా కథంతా విన్నది. బెండు సంగతి దగ్గర రెండుసార్లు ఆపి మళ్ళీ చెప్పించుకున్నది. మళ్ళా వారం ఇంకో డ్రెస్సు తెచ్చి ఇచ్చింది. చేతులున్నయి, కాళ్ళున్నయి, తలకు టోపీ ఉన్నది. పై చొక్కా నీళ్ళలో పైకి తేలకుండ నడుము దగ్గర లోపల నాడా ఉన్నది. బట్టలు మార్చుకుని అద్దం ముందర నిలబడితే నాకే నవ్వొచ్చింది.

"మా అత్త ఇప్పుడు చూస్తే గుర్తుపట్టదు ఆపా" అన్న.

"మా అత్త చూస్తే మా ఖాందాన్ మనిషే అనుకుంటది" అన్నది ఆపా.

లైఫ్‌గార్డ్ అంకుల్ ఈసారి బొటనవేలు పైకెత్తి చూపించిండు. నీళ్ళలోకి దిగినంక కానీ నాకు తెల్వలేదు. చేతులు ఒడ్డును పట్టుకున్నయి, వదలమంటే వదలవు. గడ్డం దాకా నీళ్ళు. కింద పలకలు, వాటి మీద గీతలు, అన్నీ తేటగా కనబడుతున్నయి. భయపడేది ఏమీ లేదు, అయినా వేళ్ళు ఊడి రాలేదు. మనుమరాలు క్లాసు అయిపోయి వచ్చి, నన్ను ఆ వేషంలో చూసి ముందు నోరు తెరిచింది. తర్వాత టీచరమ్మ అయింది. "అమ్మమ్మా, కాళ్ళు కొట్టు లా, కాళ్ళు" అని ఇక్కడి పిల్లల యాసలో పక్కనే నిలబడి చెప్పింది. ఒడ్డు పట్టుకునే కాళ్ళు కొట్టిన. ఆపా నా చుట్టూ నడుస్తూ "డరో నక్కో అక్కా" అంటనే ఉన్నది. భయం వద్దంటే పోయేదైతే ఎప్పుడో పోయేది.

ఆ తర్వాత శనివారాలు కూడా అంతే. ఒడ్డు వదలకుండనే ప్రయాణం రోజు వచ్చింది. మీ అమ్మకు చెప్పొద్దని మనుమరాలితో ఒట్టు వేయించుకున్న. ఆపా డ్రెస్సు నా పెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టుకున్న.

టూర్ రోజు పొద్దున ఆ డ్రెస్సు మీదనే పంజాబీ డ్రెస్సు వేసుకుని బస్సెక్కిన. గుళ్ళ కాడికి పోయేసరికి ఎండ మండిపోతున్నది. నాకు చెమటలు కారుతుంటే బిడ్డ బీపీ చూపించాలె అని ఒకటే కంగారు. మనుమరాలు నోరు మూసుకుని నవ్వుతున్నది.

గైడు నడి వయసు మనిషి. ఇంట్లో మాయా భాష మాట్లాడుతరట, మాకు మాత్రం ఇంగ్లీషులో చెప్పిండు. నాకు అందని కాడ మనుమరాలు తెలుగు చేసి చెప్పింది. పెద్ద గుడి ముందర అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టమన్నడు. కొడితే ఆ మెట్ల మీద నుంచి చప్పట్లు తిరిగి రాలేదు, పిట్ట కూసినట్టు వచ్చింది. పొడుగు తోక పచ్చ పిట్ట ఒకటుందట, దాని కూతట. కావాలని అట్ల కట్టిన్రా, కట్టినంక అట్ల కుదిరిందా అని అడిగిన. ఎవరికీ తెల్వదన్నడు. అందరూ పోయినంక కూడా నేను ఇంకో రెండుసార్లు కొట్టి విన్న. రాళ్ళ మీద ఉడుములు పడుకుని మమ్మల్నే చూస్తున్నయి.

నాకు ఇంకో అనుమానం. ఇంత ఊరు, ఇన్ని గుళ్ళు, ఇంత మంది మనుషులు. ఏరు లేదు, కాలువ లేదు. మరి నీళ్ళు ఎట్ల తాగిన్రు. అడిగితే గైడు ఆగి నా వైపు తిరిగిండు. ఇక్కడ నేలంతా సున్నపు రాయట. వాన పడితే పడ్డట్టే లోపలికి ఇంకుతదట, ఏర్లన్నీ భూమి కిందనే పారుతయట. పైకప్పు కూలిన కాడ బాయి అయితదట. వాళ్ళ అమ్మ కూడా చిన్నప్పుడు అట్లాంటి బాయిలోనే నీళ్ళు చేదిందట. వాన దేవునికని పాత కాలపోళ్ళు కుండలు, పచ్చరాయి పూసలు కొన్ని బాయిల్లో వేసేటోళ్ళట. మా దిక్కు బాలింత మొదటిసారి నీళ్ళు చేదే ముందు బాయికి పసుపు కుంకుమ పెడుతదని నేను చెప్పిన. మనుమరాలు దాన్ని ఇంగ్లీషు చేయడానికి అవస్థ పడ్డది. ఆయన వదలలేదు. ఆ పసుపు ఎట్లుంటది, మగవాళ్ళు కూడా పెడుతరా అని నడుస్తూ నడుస్తూ అడుగుతనే ఉన్నడు.

బాయి కాడికి పోయేసరికి అందరినీ ముందు షవర్ కింద నిలబడమన్నరు. ఒంటికి రాసుకున్న క్రీములు నీళ్ళలో కలవొద్దట, లోపల చేపలున్నయి. నేను పంజాబీ డ్రెస్సు విప్పి బిడ్డ చేతిలో పెట్టిన. బిడ్డ నన్ను, ఆ నల్ల డ్రెస్సును, తన కూతురిని మార్చి మార్చి చూసింది.

"ఎన్ని రోజుల సంది నడుస్తున్నదమ్మా ఇది" అన్నది.

"బ్యాగులు చూసుకో" అన్న.

మెట్లు తడిగా ఉన్నయి. తాడు పట్టుకుని దిగిన, మోకాళ్ళు ఒక్కో మెట్టుకు ఒక్కో మాట అన్నయి. కింద గైడు నాకు లైఫ్ జాకెట్ తొడిగి నడుము దగ్గర పట్టీ లాగి బిగించిండు. బిగించినంక ఒకసారి గుంజి చూసిండు. నాయిన కూడా తాడు కట్టినంక అట్లనే గుంజి చూసేటోడు.

నీళ్ళు చల్లగా, నల్లనీలంగా ఉన్నయి. అడుగు లేదు. ఉన్నదేమో, కనబడదు. పూల్‌లో చేపపిల్లలాగా తిరిగే నా మనుమరాలు కింది మెట్టు మీదనే నిలబడిపోయింది.

"అమ్మమ్మా, కింద ఏముందో కనిపిస్తలేదు."

"మా బాయిలో కూడా కనిపించకపోయేది. కిందికి చూడకు, పైకి చూడు" అన్న.

దాని చెయ్యి పట్టుకున్న. దిగినం. ఇద్దరం వెల్లకిలా తేలినం. చెవుల్లోకి నీళ్ళు పోయి చప్పుడంతా ఆగింది. పైన గుండ్రటి ఆకాశం, అంచు చుట్టూ వేర్లు. ఒక పిట్ట ఈ గోడ నుంచి ఆ గోడకు పోయింది. కొంచెం సేపటికి పిల్ల నా చెయ్యి వదిలి తనే తిరగడం మొదలుపెట్టింది. నేను కాళ్ళు కొట్టిన. కదిలిన. మెట్ల మీద నా బిడ్డ బ్యాగులన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఫోటో తీయడం కూడా మర్చిపోయి చూస్తున్నది.

బస్సులో తిరిగి వస్తుంటే, మంచిగా తేలినవు అమ్మా అన్నది బిడ్డ. సంతోషమే. కానీ తేలింది నేనా, జాకెట్టా. జాకెట్ లేకుండ దిగనియ్యరు అక్కడ, అది వాళ్ళ నియమం, మంచిదే. నాకు మాత్రం ప్రశ్న సగమే తీరింది.

సింగపూర్ వచ్చినంక ఆపా డ్రెస్సు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, సర్వపిండి చేసి రెండూ తీసుకుని కిందికి పోయిన. ఆపా సర్వపిండి తీసుకున్నది, డ్రెస్సు తీసుకోలేదు. గుడి, పిట్ట కూత, బాయి, అన్నీ అడిగి అడిగి చెప్పించుకున్నది. జాకెట్ సంగతి కూడా చెప్పిన.

"అయితే ఇంకా బెండు మీదనే ఉన్నవు నువ్వు" అన్నది. "శనివారం రా."

శనివారం మనుమరాలు క్లాసు కాడికి పోయింది. ఈసారి బిడ్డ కూడా వచ్చి బెంచీ మీద కూర్చున్నది. నేను దిగి ఒడ్డు పట్టుకున్న. కింద పలకల మీద గీతలు కనబడుతున్నయి. చూడలేదు. చొక్కా లోపలికి చెయ్యి పెట్టి నాడా విప్పి, మళ్ళీ గట్టిగా ముడి వేసి, ఒకసారి గుంజి చూసిన. ఆపా కొంచెం దూరంలో నీళ్ళలో నిలబడి ఉన్నది.

ఒడ్డు వదిలిన. ముందు మునిగిన, ముక్కులోకి నీళ్ళు పోయినయి. తర్వాత కాళ్ళు వాటంతట అవే కొట్టుకున్నయి, ఎట్లపడితే అట్ల, మోటబాయిలో కొట్టినట్టే. ఆపాను దాటి పోయిన. అవతలి ఒడ్డు చేతికి తగిలినంక వెనక్కి తిరిగి చూస్తే, బిడ్డ బెంచీ మీద లేదు. బూట్లతోనే పూల్ అంచుకు వచ్చి నిలబడ్డది. లైఫ్‌గార్డ్ అంకుల్ ఆమెకు బోర్డు చూపిస్తున్నడు.