అత్తయ్య గుండె గోలీ

హయత్‌నగర్ దాటాక ఉన్న ఒక మందుల పరీక్షల ల్యాబులో నా ఉద్యోగం. కొత్త మందులు కాలేయ కణాల్లో కొవ్వు పేరుకునేలా చేస్తున్నాయేమో చూడటమే నా పని. కణాలకు మందు పట్టించి, కొవ్వుకు అంటుకునే రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే, పేరుకున్నచోటల్లా ఆకుపచ్చ చుక్కలు వెలుగుతాయి. రంగు సరిగ్గా పట్టిందో లేదో తెలియడానికి, కొవ్వు నింపుతుందని ముందే రుజువైన పాత మందొకటి ప్రతిసారీ పక్కన పెడతాం. దాన్ని మేం కోడ్‌తోనే పిలిచేవాళ్లం. ఒకరోజు కొత్త సీసా మీద దాని అసలు పేరు చదవగానే చెయ్యి ఆగిపోయింది. మా అత్తయ్య గుండె దడకు రోజూ వేసుకునే మాత్ర అది.

ఆ సాయంత్రం కొత్తపేటలో ఇంటికెళ్లగానే ఆవిడ కళ్లలోకి చూశాను. పచ్చబడ్డాయా? అన్నం తగ్గించిందా? మెట్లెక్కితే ఆయాసం వయసు వల్లా, మాత్ర వల్లా? మా ఆయనతో అంటే "నీ ల్యాబును ఇంట్లకు తేకు" అని కొట్టిపారేశారు.

అత్తయ్య మాత్రం కనిపెట్టేసింది.

"ఏంది బిడ్డా, గోలీ ఏసుకుంటుంటే గట్ల చూస్తవ్?"

"ఏం లేదత్తయ్యా. రక్తపరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది?"

"గోలీ బంద్ చేపిద్దామనా?"

మర్నాడు మాత్రల డబ్బా వంటింటి అరలో లేదు. "మా కోడలు నా గోలీల మీద కన్నేసింది" అని పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను. కోపం వచ్చింది. కానీ ఆవిడ భయమూ అబద్ధం కాదు; మాత్ర మానేస్తే గుండె లయ తప్పుతుంది.

చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆవిడను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నేను నోరు తెరవకముందే, "సారూ, నా గోలీ మంచిదో కాదో మా కోడలికి జర చెప్పుండ్రి" అంది.

డాక్టరు నా మాటంతా విని, "మీరు కణాలకు పట్టించే మోతాదు వేరమ్మా, మనిషి ఒంట్లోకి వెళ్లేది వేరు" అన్నారు. అయినా ఎప్పుడో చేయించాల్సిన కాలేయ పరీక్ష రాశారు. అందులో కాస్త తేడా కనిపించింది. మాత్ర వల్లేనని చెప్పలేనంటూనే మోతాదు సగానికి తగ్గించారు.

"సగం గోలీతోని గుండె ఆగితే నీదే పూచీ" అంది అత్తయ్య షేర్ ఆటోలో, పక్కవాళ్లు వింటుండగా. సరేనన్నాను. కొన్ని వారాలు ఆవిడ దగ్గినా ఉలిక్కిపడ్డాను.

తర్వాతి పరీక్షలో అంతా మామూలుగా వచ్చింది. ఆ మాట చెబితే అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది.

"పరీక్ష చేసినోళ్లు నీ ల్యాబోళ్లే గదా?"