ఊ కొట్టే ఉద్యోగం

మా తోడికోడలు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే, ‘ఊ కొడుతుంది, దానికి జీతం కూడా ఇస్తారు’ అని చెప్పేదాన్ని. వెటకారం కాదు, ఉన్న మాటే. కళ్ళజోళ్ళ దుకాణం పైన రెండో అంతస్తులో ఒక ఆఫీసుంది. జనం ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారు, దేన్ని నమ్ముతారు, కష్టమొస్తే ఎవరి తలుపు తడతారు, ఇవన్నీ అక్కడ పరిశోధిస్తారు. ఆమె సంచీ భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ప్రశ్నలు అడుగుతుంది. నేనామెను అక్కా అని పిలుస్తాను. వాళ్ళది పై వాటా, మాది కింది వాటా. వీధిలో అందరికీ ఆమె ప్రశ్నలావిడే.

ఆ ఉద్యోగంలో ముఖ్యమైన నియమం ఒకటుంది. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా వినేవాళ్ళ ముఖంలో ఏమీ కనపడకూడదు. ‘అయ్యో’ అనకూడదు, ‘భేష్’ అనకూడదు, తల కూడా గట్టిగా ఊపకూడదు. అయ్యో అంటే ఉన్న కష్టానికి ఇంకాస్త కలిపి చెబుతారట. భేష్ అంటే మనల్ని మెప్పించాలని కోతలు కోస్తారట. ‘ఊ’ అనొచ్చు, ‘ఇంకా?’ అనొచ్చు, ‘అప్పుడు మీకెలా అనిపించింది?’ అని అడగొచ్చు. చేరిన కొత్తలో అక్క అద్దం ముందు కూర్చుని ఇదంతా సాధన చేస్తుంటే, బావగారు పక్కన నిలబడి కోతి చేష్టలు చేసేవారు. ఆమె నవ్వేది కాదు. ఆయనే పడీపడీ నవ్వి, ‘నా పెళ్ళాం చేజారిపోయిందిరా’ అని మా ఆయనతో మొరపెట్టుకునేవారు.

ఆఫీసులో పెద్ద మేడమ్‌కు అక్కంటే మహా గురి. ఇంట్లో కట్టుకున్నవాడికి కూడా చెప్పని సంగతులు జనం అక్కకు చెప్పేవారు. నా కడుపుబ్బరం కొద్దీ ఒకసారి అడిగాను.

“ముక్కూ మొహం తెలియనిదానివి, నీకెందుకు చెబుతారక్కా?”

“నేను వాళ్ళకేమీ కాను కదే. అందుకే” అంది.

ఒకరోజు బావగారు తాను పనిచేసే అచ్చాపీసులో మిషను పక్కనే కూలబడిపోయారు. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. ఇంటినిండా జనం. వచ్చిన ప్రతివాళ్ళూ అక్క ఎదురుగా కూర్చుని ఆయన మంచితనం గురించి చెప్పడం, ఈవిడ ఊ కొట్టడం. వాళ్ళు ముక్కులు చీదుకుంటుంటే ఈవిడ మంచినీళ్ళ గ్లాసు అందిస్తోంది. చీమ కుట్టినట్టయినా లేదు చూడండని గుమ్మం దగ్గర ఎవరో గొణిగితే నేను వాళ్ళ మీద కయ్‌మన్నాను గానీ, నాకూ లోపల కోపంగానే ఉంది. అందరూ వెళ్ళాక నిలదీశాను.

“ఏడుపు రావట్లేదే. వస్తే దాచుకుంటానా?” అంది. “పన్ను పీకేటప్పుడు మత్తు సూది వేస్తారు చూడు, అలా ఉంది. పెదవి నాదే, కొరుక్కున్నా తెలియట్లేదు.”

ఆ మత్తు దిగనే లేదు. వంట చేసేది, పనికి వెళ్ళేది, వచ్చేది. ఆఫీసువాళ్ళు మాత్రం ఇదివరకటికంటే బాగా చేస్తోందన్నారట! ఏం మనుషులో.

అక్కావాళ్ళకు కూతురు ఒక్కతే. పెళ్ళయి పక్క ఊళ్ళో ఉంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా బ్యాగుతో దిగింది. పిల్ల చెంపలు వాచి ఉన్నాయి. తల్లీకూతుళ్ళను ముందు గదిలో వదిలి, నేను వంటింట్లో టీ పెడుతున్నాను. నడుమ తలుపు లేదు, పరదా ఒక్కటే.

“నిన్న భోజనాల దగ్గర నన్ను కొట్టాడమ్మా. వాళ్ళమ్మ ఎదురుగానే. ఆవిడేమో కంచం నా వైపు జరిపి, తిను, చల్లారిపోతుంది అంది.”

“ఊ” అంది అక్క.

“ఇది మొదటిసారి కాదు.”

“ఊ. ఇంకా?”

పిల్ల చెప్పుకుంటూ పోయింది. నిజం చెప్పొద్దూ, అంత వివరంగా అది నా దగ్గరైతే చెప్పేది కాదు. నేను మొదటి మాటకే శాపనార్థాలు మొదలుపెట్టేదాన్ని. స్నానాలగదిలో గడియ పెట్టుకుని కూర్చున్న సంగతి కూడా చెప్పింది. చెప్పి ఆగింది. ఆ ఆగిన చోట అక్క మెత్తగా, ఒద్దికగా అడిగింది.

“అప్పుడు మీకెలా అనిపించింది?”

వడకడుతున్న టీ నా చేతి మీద ఒలికింది.

“మీకా? ఎవరికమ్మా మీకు? ఇక్కడున్నది నేనొక్కదాన్నే కదా” అంది పిల్ల.

నేను పరదా పక్కకు నెట్టి వచ్చేసరికి అక్క నోరు తెరుచుకుని ఉంది. పిల్ల బ్యాగు తీసుకుని మెట్లు దిగేసింది. చెప్పులు కూడా లేకుండా బస్టాపు దాకా పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

“మా ఇంట్లో ఉండవే. మీ బాబాయి వెళ్ళి వాడి సంగతి తేలుస్తాడు.”

“వదిలెయ్ పిన్నీ. ఆవిడ డ్యూటీలో ఉంది” అని అది బస్సెక్కింది. ఏడవలేదు. అదే నాకు భయం వేసింది.

ఇంటికొచ్చి అక్కను నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు మనిషివేనా అన్నాను. కన్నబిడ్డ చెంపలు వాచి వస్తే జనాభా లెక్కలవాళ్ళలా మాట్లాడతావా అన్నాను. అంతా విని, గోడవైపు చూస్తూ చెప్పింది.

“నేను అయ్యో అంటే అది ఏడుస్తుంది. ఏడిస్తే చెప్పడం ఆపేస్తుంది. నాకు దాన్ని మొత్తం వినాలనిపించిందే. వినడం నాకు అలాగే వచ్చు.”



మా ఆయన వెళ్ళొచ్చారు. పిల్ల గుమ్మంలోనే నిలబడి, నా పని నేను చూసుకుంటాలే బాబాయ్ అని సాగనంపిందట. తర్వాత అక్కే వెళ్ళింది. పిల్ల తలుపు తీసి, తల్లిని ఎగాదిగా చూసి, “ఏ ఆఫీసు నుంచి వచ్చారండీ?” అని అడిగి తలుపేసుకుందట. ఆ ముక్క అక్క నాతో బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పింది. ఫోన్లు ఎటూ ఎత్తదు. అది ఆ ఇంట్లో ఎలా ఉందో, అసలు ఉందో లేదో మాకు తెలిసే దారి లేకుండా పోయింది.

అలా ఉండగా ఆఫీసులో కొత్త సర్వే వచ్చింది, కష్టాల్లో మనుషులు ఎవరిని ఆసరా చేసుకుంటారని. వీధుల్ని చీటీలు తీసి ఎంచుతారు. పిల్ల ఉండే వీధి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఇంకేం, వెళ్ళు! తలుపు తియ్యక చస్తుందా?”

“అక్కడ మా వాళ్ళున్నారని మేడమ్‌కు చెప్పేశాను. అయినవాళ్ళున్న చోటికి మేం వెళ్ళకూడదు. వేరే అమ్మాయి వెళ్తుంది” అంది.

నేను తల పట్టుకున్నాను. ఈ మనిషిని ఏం చెయ్యాలి చెప్పండి!

కొన్నాళ్ళకు అక్కకు జ్వరం వచ్చి పడుకుంటే, ఆఫీసులో పనిచేసే అమ్మాయి చూడడానికి వచ్చింది. బక్కపలచగా, గలగలా మాట్లాడే పిల్ల. అంతకుముందెప్పుడూ మా ఇంటికి రాలేదు. మంచినీళ్ళు తాగుతూ గోడ మీద పెళ్ళి ఫొటో చూసి, “ఎవరు మేడమ్?” అంది.

“మా అమ్మాయి.”

ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. గ్లాసు కింద పెట్టేసింది. సర్వేకు వెళ్ళింది ఈ పిల్లే, ఆ ఇంటికే వెళ్ళిందని నాకు అర్థమైపోయింది. అక్కకు నాకంటే ముందే అర్థమైంది.

“మేడమ్, నేను…” అని నీళ్ళు నమిలింది ఆ పిల్ల.

“చెప్పకు” అంది అక్క.

“చెప్పనీ అక్కా! నీ కూతురు!” అని అరిచాను.

“అది ఈ అమ్మాయిని నమ్మి చెప్పుకుంది. ఈ అమ్మాయి నాకు చెబితే, దానికి ఇక చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు. నువ్వు బయలుదేరమ్మా, పొద్దుపోతోంది.”

నాకా నియమాలేమీ లేవు. మెట్ల మలుపులో ఆ పిల్లను పట్టుకున్నాను.

“ప్రాణాలతో ఉందా? అదొక్కటీ చెప్పు తల్లీ.”

“ఉన్నారాంటీ. రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి చేతికి కట్టుంది, జారిపడ్డానన్నారు. నేను మేడమ్‌కు… పెద్ద మేడమ్‌కు చెప్పాను. చెప్పాల్సినంత వరకూ చెప్పాను. సాయం చేసేవాళ్ళ నంబరు ఇచ్చొచ్చాం, తీసుకున్నారు.” ఆ పిల్లకు కన్నీళ్ళు ఆగడం లేదు. “నాన్న ఉన్నారని చెప్పారాంటీ. కష్టమొస్తే ఆయన దగ్గరికే వెళ్తానన్నారు. చిన్నప్పుడు ఎలా నవ్వించేవారో ఎంతసేపో చెప్పారు. అమ్మేమో…”

“అమ్మ?”

“అమ్మ పోయిందన్నారు. నేను నిజమే అనుకున్నాను.”

ఆ పిల్ల వెళ్ళిపోయింది. నేను ఆ మెట్ల మీదే కూర్చున్నాను. వీధిలో ఎవరో బండి కడుక్కుంటున్నారు, నీళ్ళు గుమ్మం దాకా వస్తున్నాయి. పైకి వెళ్ళకుండా మా వాటాలోకి దూరిపోదామనుకున్నాను గానీ, జ్వరంతో ఉన్న మనిషిని వదిలి ఎలా పోను?

అక్క మంచం మీద లేచి కూర్చుని ఉంది. నా ముఖం చూసి, చూపు తిప్పుకుంది.

“అదేం చెప్పిందో నాకొద్దు. నన్ను తిట్టిందా? అదొక్కటే చెప్పు.”

“లేదక్కా. నిన్నేమీ అనలేదు” అన్నాను.

అక్క దుప్పటి అంచు సరిచేసుకుని, మళ్ళీ సరిచేసుకుంది.

“తిట్టుంటే బాగుండేదే” అంది.