సున్నం నిలవని గోడ

మా మేస్త్రి పోయారన్న కబురు నాకు మిషన్ దగ్గరే తెలిసింది. పొద్దున ఏడు కాకముందే ఆయన భార్య ఫోన్ చేసింది. "మీ మేస్త్రి ఇంక లేయలేదు పాపా," అంది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి నిద్రలోనే పోయారు. నేను మిషన్ ఆపి, దాని మూతి తుడిచి, ఆయన నేర్పినట్టే తడి గోనెపట్ట కప్పి బయలుదేరాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు మెత్తబడుతుందంటారు. నాకు మెత్తబడలేదు. ఈ నాలుగు మాటలూ కోపంతోనే రాస్తున్నాను, చదివేవాళ్ళు నన్ను మన్నించనక్కరలేదు.

తాడిపత్రి బయట మాది రాళ్ళ ఫ్యాక్టరీ. కోసిన బండల్లో సన్నని పగుళ్ళుంటాయి. వాటిలో జిగురు నింపి, ఆరాక పాలిష్ పడతారు. జిగురంటే రెండు ద్రవాలు. వేరువేరుగా ఉన్నంతసేపు ఏమీ కాదు, కలిస్తే గట్టిపడిపోతాయి. ఆ రెంటినీ కొలతగా కలిపి పగుళ్ళలోకి చుక్కచుక్కగా వదిలే మిషన్ మా మేస్త్రిది. ఆయన కొన్నదని కాదు. ఎండాకాలంలో దాన్ని నడపడం ఇంకెవరి వల్లా కాలేదు. వేడెక్కితే జిగురు పలచబడి కొలత తప్పుతుంది, కలిసింది కలిసినట్టే మిషన్ మూతిలో రాయైపోతుంది. మా ఊరి ఎండ సంగతి వేరే చెప్పాలా?

నేను అక్కడ బండలు కడిగే పనికి చేరాను. ఇంటరు చదివానని తెలిసి ఆయనే నన్ను జిగురు గదిలోకి పిలిచారు. రోజూ పని మొదలుపెట్టే ముందు పాత బండముక్క మీద ఒక చుక్క వదిలించేవారు. "బొట్టుబిళ్ళంత ఉండాల. దానికన్నా పారిందంటే మిషన్‌కు జరమొచ్చినట్టే," అనేవారు. జిగురు డబ్బాను మణికట్టు లోపలివైపుతో తాకి చూసేవారు, పసిబిడ్డ నుదురు చూసినట్టు. డబ్బాల చుట్టూ తడి గోనెపట్టలు, మిషన్ మూతికి ఎదురుగా కూలరు. ఆ కూలరు గాలిలో ఆయన ఒక్కపూట కూడా కూర్చోలేదు. నేను అటు జరిగితే కసిరేవారు.

"మనకు చెమట పడతాది పాపా. దానికి పట్టదు. సల్లగాలి దానిది."

గంటగంటకూ థర్మామీటరు చూసి, ఆ వేళా అంకే గోడ మీద రాసేవారు. కాగితాలకు జిగురంటుకుంటోందని, తడి బండల మీద గుర్తులు పెట్టే నీలం మైనపు బలపంతో రాసేవారు. వారానికోసారి కిరసనాయిలు గుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టేవారు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం. బండలు కొనేవాళ్ళెవరో మేనేజరు గదికి వచ్చారు. మధ్యాహ్నం పన్నెండుకు మా కూలరు ఎత్తుకుపోయి ఆ గదిలో పెట్టారు. మేస్త్రి మిషన్ ఆపేశారు. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఎందుకాపినావు? ఆడ లారీ కాసుకోనుండాది."

"కూలరు లేకుండా నడిపితే మూతి పట్టేస్తాది సార్. సాయంత్రం సల్లబడినాక చేసిస్తా."

"నువ్వు నాకు చెప్పేదేందప్పా? నడుపు!"

నడిపారు. అరగంటలో జిగురు మూతిలో గట్టిపడింది. వెనక ఒత్తిడికి పైపు పగిలి, మిషన్‌తోపాటు బండలు కూడా పాడైపోయాయి. సాయంత్రానికి బోర్డు మీద నోటీసు అంటించారు: 'ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల మిషన్ పాడైనది.'

అంటించే ముందు మేనేజరు అందరి ఎదుటా నన్ను అడిగాడు. "నువ్వు ఆ గదిలోనే కదా ఉండేది. నేను నడపమన్నానా?" నాకు ఇద్దరు పిల్లలు. ఆ పని పోతే ఇంకోటి లేదు. "నేను అన్నానికి పోయింటి సార్," అన్నాను. మేస్త్రి నా పక్కనే ఉన్నారు. నా వైపు చూడలేదు. మేనేజరుతో మాత్రం ఒక్కమాట అన్నారు: "యాడ పెట్టినా చేస్తా సార్. నిర్లక్ష్యం అనే మాట మాత్రం కొట్టేయండి."

కొట్టేయలేదు. ఆయన్ని ఎండలో బండలు కడగడానికి పంపి, ఆయన మిషన్‌ను బాగుచేయించి నాకిచ్చారు. నేను నడిపిన మొదటి రోజే మధ్యాహ్నం ఆయన కిటికీ దగ్గరికొచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా, "గోనెపట్ట ఎండిపోయింది, తడుపు పాపా," అన్నారు. రెండేళ్ళూ అలా చెబుతూనే ఉన్నారు. ఒక్కసారి తిట్టి ఉంటే నేను బాగుపడేదాన్ని.

మిషన్ పాడైన సాయంత్రమే మేనేజరు, మేస్త్రి అంకెలు రాసిన గోడకు సున్నం కొట్టించాడు. మైనం మీద సున్నం నిలవదని ఇన్నేళ్ళు రాళ్ళ మధ్య తిరిగినవాడికి తెలియలేదు. నెల తిరక్కుండా రాత ఉన్నచోటల్లా పొక్కులు లేచింది. మళ్ళీ కొట్టించాడు, మళ్ళీ లేచింది. చివరికి దాని మీద పెద్ద క్యాలెండరు తగిలించాడు. వెనక ఏముందో నాకు తెలుసు. తెలిసే దాని ముందు నిలబడి పనిచేశాను.

మేస్త్రిని సాగనంపి వచ్చాక ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ కాయితం బోర్డు మీద ఇంకా ఉండాదా పాపా? నిన్న పండుకునే ముందర గూడా ఆయప్ప అదే అడిగినాడు," అంది. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఏడుపయ్యాక నాలో మిగిలింది పగ.

మూడో రోజు జిగురు గదిలోనే సంతాప సభ పెట్టారు. ఓనరు వస్తున్నాడని మేనేజరు మా కూలరును కుర్చీల వైపు తిప్పించాడు. అది చూశాక నాకు భయం పోయింది. మేనేజరు లేచి, "ఇట్లాంటి పనిమంతుడు మళ్ళా దొరకడు," అన్నాడు. నేను లేచి ముందు కూలరును మిషన్ వైపు తిప్పాను. తర్వాత క్యాలెండరు తీసి కింద పెట్టి, జిగురు గీకే ఇనుప రేకుతో గోడను గీకాను. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. కింద నీలం అక్షరాలు బయటపడ్డాయి.

"మీరే చదవండి సార్. పనిమంతుడి రాత," అన్నాను మేనేజరుతో.

ఓనరే లేచి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు. 'పది గంటలు, 33. పదకొండు, 34. పన్నెండు, కూలరు తీసుకపోయినారు. పన్నెండుంపావు, 39, ఆపినాను. సార్ నడపమన్నాడు. పన్నెండున్నర, 42.'

"నేను ఆ పొద్దు అన్నానికి పోలేదు," అన్నాను. "ఈడనే ఉంటి. అబద్ధం చెప్పినా." ఆ మాట వినాల్సిన మనిషి అప్పటికే మట్టిలో ఉన్నారు. నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు, మేనేజరును ఎందుకు క్షమిస్తాను?

ఓనరు ఆ నోటీసు చింపించి, మేస్త్రి తప్పేమీ లేదని మేనేజరు చేతనే రాయించి సంతకం పెట్టించాడు. ఆ కాగితం ఆయన భార్యకు ఇచ్చి వచ్చాను. ఇంకేం కావాలమ్మా అని ఓనరు అడిగితే, ఒక్కటే అడిగాను. మిషన్ మళ్ళీ పాడైతే నష్టం తనదే కాబట్టి ఒప్పుకున్నాడు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం పన్నెండుకు మేనేజరు తన గదిలోంచి లేచి మా గదికి వస్తాడు. నీలం బలపం చేతికిస్తాను. థర్మామీటరు చూసి, మేస్త్రి ఆఖరి వరుస కింద అంకె వేస్తాడు. నిన్న చొక్కా వీపుకు అంటుకుపోయి, రాయడం అవగానే మెల్లగా కూలరు వైపు జరిగాడు.

"అది మిషన్‌ది సార్," అన్నాను. "మనకు చెమట పడతాది."

వెనక్కి జరిగి, బలపం పట్టుకుని ఆ గోడ ముందు నిలబడ్డాడు. నేను గోనెపట్ట తడపడం అయ్యేదాకా కదలనివ్వలేదు.