మా బావగారు పొట్టి చేసిన ట్రక్కు

పోయిన మంగళవారం పొద్దున్నే ప్లేనో నుంచి అక్క ఫోన్ చేసింది. మామూలుగా ఫోన్ తీయగానే ఈ పూట ఏం వండావని అడుగుతుంది. ఆ రోజు అడగలేదు. "మీ బావగారు పోయారే. కాఫీ తాగి, పేపర్ పక్కన పెట్టి కళ్ళు మూసుకున్నారు. కునుకు తీస్తున్నారేమోనని టీవీ సౌండ్ తగ్గించాను" అంది. అంతవరకూ నిబ్బరంగానే చెప్పి, టీవీ మాట దగ్గర ఏడ్చేసింది. నేను జెర్సీ సిటీలో మా వంటింటి గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాను.

విమానం ఎక్కాక ఏడుద్దామనుకున్నాను. ఆయనకు కన్నీళ్ళు దక్కడం న్యాయం. కానీ మేఘాల మీదికి వెళ్ళేసరికి ఆ పచ్చ ట్రక్కు గుర్తొచ్చి నవ్వొచ్చింది. పక్క సీటాయన నన్ను చూసి కొంచెం కిటికీ వైపు జరిగాడు.

బావగారు ఎముకల డాక్టరు. ఎనభైల మొదట్లో నేను ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చి వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆస్పత్రిలో ఆయన చెయ్యి తిరిగిన సర్జన్ అని అందరూ అనేవాళ్ళు. ఇంట్లో బల్బు మార్చేది మాత్రం అక్కే. ఆయన కింద నిలబడి స్టూల్ పట్టుకునేవారు, అదీ ఒక చేత్తో. రెండో చేతిలో ఏదో ఒకటి తింటూ ఉండేవారు.

అలాంటి మనిషికి ఒకరోజు ట్రక్కు వచ్చి పడింది. ఊరికి ఉత్తరాన పొలాలున్న ఒక ముసలి రైతు ఆయన పేషెంటు. ఆ రైతు గుండె ఆగి పోయాక, భార్య ఆ పాత పికప్ ట్రక్కును నడుపుకుంటూ ఆస్పత్రికి వచ్చి తాళాలు బావగారి చేతిలో పెట్టింది. "దీన్ని రోజూ వాకిట్లో చూడలేను, డాక్. అమ్మాలన్నా మనసు రావడం లేదు. పాత ఇనుము కొట్టుకి మాత్రం పోనివ్వకండి" అందట. ఈయన సరేనని మాటిచ్చి, దాన్ని మొదటి గేర్‌లోనే ఇంటిదాకా తెచ్చారు. రెండో గేర్ ఎక్కడుందో అప్పటికి ఆయనకు తెలియదు.

మా కాలనీ సంఘానికి ఒక నియమం ఉండేది. ట్రక్కులు రాత్రిపూట బయట కనపడకూడదు, గరాజ్ లోపలే ఉండాలి. ఈ ట్రక్కు లోపలికి వెళ్ళింది కానీ తోక మూరెడు బయటే మిగిలిపోయింది, తలుపు పడలేదు. సంఘం మనిషి వచ్చి మర్యాదగా నవ్వుతూ, నెలాఖరులోగా దాన్ని తీసేయమని చెప్పి వెళ్ళాడు. ఏ స్నేహితుడి పొలంలోనో పెట్టించమని అక్క సలహా ఇచ్చింది. "మాటిచ్చింది నేను. ఇంకొకళ్ళ పొలంలో ఎండకీ వానకీ వదిలేస్తే ఇనుము కొట్టుకి వేసినట్టే" అన్నారు బావగారు. ఆ నెల ఆయన భోజనం దగ్గర కూడా ట్రక్కు గురించే ఆలోచించేవారు. మజ్జిగ అనుకుని రసం కలుపుకున్న రోజులున్నాయి.

ఒక సాయంత్రం అక్క తరుగుతున్న క్యారెట్ ఒకటి లాక్కుని, మధ్యలో ముక్క తీసేసి, రెండు కొసలనూ మెట్లలా చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి చూపించారు.

"ఎముక పొడుగైతే ఏం చేస్తాం? ఇలా కోసి, పొట్టి చేసి, బిగించేస్తాం. ట్రక్కు కింద ఉన్న ఇనప దూలాలూ అంతే. పైగా ట్రక్కు నొప్పి అనదు, మన మీద కేసు వెయ్యదు."

"దానికన్నా గరాజ్ పొడుగు పెంచుకుంటే పోలా?" అంది అక్క.

"గరాజ్ నా స్పెషాలిటీ కాదు."

సాయంత్రాలు కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి వెల్డింగ్ నేర్చుకున్నారు. మొదటి అతుకులు ఇడ్లీపిండి పొంగి కారినట్టుండేవి. తర్వాత్తర్వాత కుదిరాయి. ఇంతా చేసి ఆయనకు సెలవు దొరికేది శనివారమే. శనివారం ఇనుము ఇంటికి తేకూడదని అక్క పట్టుబట్టింది. "తేవడం లేదే, కోస్తున్నాను" అన్నారు ఆయన. అక్క అలాగైతే ముందు కొబ్బరికాయ కొడతానంది. అగరొత్తులు కూడా తెచ్చింది గానీ, పెట్రోల్ ట్యాంక్ పక్కన వద్దని బతిమాలి ఆపించాం.

సాయానికి ఆయన స్నేహితుడు, మత్తు డాక్టరుగారు వచ్చారు. ట్రక్కు తల వైపు కుర్చీ వేసుక్కూర్చుని, "పేషెంటు స్టేబుల్‌గా ఉంది, మీరు కానివ్వండి" అనడం తప్ప వేరే సాయం చేసినట్టు నాకు గుర్తులేదు. బావగారు వెనక తొట్టి విప్పించి, కోసే చోటు తప్ప మిగతా అంతా దుప్పట్లతో కప్పేశారు. అవి అక్క కొత్తగా కొన్న పూల దుప్పట్లు. చాక్‌పీసుతో గీత గీయడం, దూరం జరిగి చూడడం, చెరపడం, మళ్ళీ గీయడం. విసుగొచ్చి నేను గొణిగితే, "కొలిచేటప్పుడు పిరికివాడిగా ఉండాలి అమ్మాయ్. కోసేటప్పుడు ఇంక వేరే మనిషై పోవాలి" అన్నారు. నిజంగానే రంపం చేతికి రాగానే ఆయన ముఖం మారిపోయింది. బల్బు దగ్గర స్టూల్ పట్టుకునే మనిషి కాదు.

దూలాలు కోసి అతికించాక, తొట్టిలోనూ ఒక ముక్క తీసేసి అతికించి, దాన్ని మళ్ళీ పైన కూర్చోబెట్టబోతుండగా పని ఆగిపోయింది. ఆపరేషన్ ముగించే ముందు సామాన్లు లెక్క చూసుకోవడం ఆయన వృత్తి అలవాటు. ఒకటి తగ్గింది. "అన్నీ దొరికేదాకా మూసేది లేదు. కుట్టేశాక వెతుక్కోవడం లాంటి నరకం లేదు" అని అందరినీ నిలబెట్టేశారు. మత్తు డాక్టరుగారి జేబులు వెతికారు. దుప్పట్లు దులిపారు. నన్ను ట్రక్కు కిందికి పాకించారు. చివరికి నేను మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్తే, తగ్గిన పరికరం పొయ్యి దగ్గర పప్పుగిన్నె దింపుతోంది. అది అక్క పట్టకారు. ఆయన పొద్దున అడక్కుండా గరాజ్‌లోకి తీసుకెళ్తే, ఆమె మధ్యాహ్నం అడక్కుండా వెనక్కి తెచ్చుకుంది.

"స్టెరైల్ ఫీల్డ్‌లోంచి ఇన్‌స్ట్రుమెంట్ ఎలా తీస్తావు?" అన్నారు బావగారు గుమ్మంలో నిలబడి.

"మా అమ్మ నాకు ఊరినుంచి పంపింది. మీకెప్పుడు ఇన్‌స్ట్రుమెంట్ అయింది?" అంది అక్క. పప్పు దింపడం అయ్యేదాకా ఆయన ఆగి, పట్టకారు తీసుకెళ్ళి లెక్క సరిచూసి, కడిగి తిరిగి ఇచ్చారు.

ఇంజన్ నుంచి వెనక చక్రాలకు వెళ్ళే కడ్డీని కూడా పొట్టి చేయాలన్న సంగతి అందరం మరిచిపోయాం. అది షాపులో కోయించుకొచ్చేసరికి నెలాఖరు అయింది. గరాజ్ తలుపు నేలను తాకిన చప్పుడుకి బావగారు చప్పట్లు కొట్టారు. ట్రక్కు మాత్రం మెడ లేని మనిషిలా తయారైంది.

వారం తిరక్కుండా రైతు భార్య ఫోన్ చేసింది. వాళ్ళాయన పుట్టినరోజు ఆదివారం వస్తోందట, ఒక్కసారి ట్రక్కును చూసి వెళ్తానంది. బావగారు రిసీవర్ పెట్టేసి సోఫాలో కూలబడ్డారు. ఇనుము కొట్టుకి పోనివ్వనన్న మాట నిలబెట్టుకోవడానికి ఇంత చేశారు. కానీ ముక్క కోసేశానని ఆమెకు చెప్పనే లేదు. "పోయిన మనిషి జ్ఞాపకాన్ని రంపంతో కోశానంటే ఏమంటుంది?" అన్నారు. ఆయన భయపడడం నేను చూసింది అప్పుడే. ముందుభాగం బయటికి కనపడేలా గరాజ్‌లో పెడితే పొడుగు తెలియదని అక్క ఉపాయం చెప్పింది. ఆయన అలాగే పెట్టారు. కానీ ఆదివారం ఆమె కారు మలుపు తిరగడం చూడగానే లేచి వెళ్ళి, తనే ట్రక్కును వీధిలోకి తెచ్చి అడ్డంగా నిలబెట్టారు.

ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగింది. అతుకు మీద వేలితో నిమిరింది. బావగారు గరాజ్ సంగతి, కాలనీ నియమం సంగతి ఏదో గబగబా చెప్పబోయి మధ్యలో ఆపేశారు. ఆమె తాళాలు అడిగింది. ఎక్కి, వీధి చివరిదాకా నడుపుకుంటూ వెళ్ళింది. బావగారు వీధి మధ్యలో నిలబడి, ఆపరేషన్ చేసిన పేషెంటును నడిపించి చూసినట్టు, వెనకనుంచి వంగి చూస్తూ ఉన్నారు.

ఆమె తిరిగొచ్చి ఆపగానే కిటికీ దగ్గరికి వెళ్ళారు. "వెనక చక్రాలు సరిగ్గా కూర్చోలేదండీ. కాస్త ఎడమకి లాగుతోంది. వచ్చే శనివారం విప్పి సరిచేస్తాను" అన్నారు తల దించుకుని.

ఆమె ఇంజన్ ఆపలేదు. "మీరు తుంటికి ఆపరేషన్ చేశాక మా ఆయన కూడా ఇలాగే ఎడమకి లాగేవాడు. పక్కన నడిస్తే నన్ను గడ్డిలోకి నెట్టేసేవాడు" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "దీన్ని ఇంక ముట్టుకోకండి, డాక్. నేను ఇంకోసారి తిరిగొస్తాను."

ట్రక్కు మళ్ళీ కదిలింది. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ పొట్టి పచ్చ ట్రక్కు ఎండలో కొంచెం కొంచెంగా ఎడమకి ఒరుగుతూ వెళ్తోంది. వీధి మధ్యలో మా బావగారు మోకాళ్ళ మీద చేతులు ఆనించి, అది ఎటు ఒరిగితే అటే తల వంచుతూ, మలుపు తిరిగేదాకా చూస్తున్నారు.