కింది అంకె

హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమెను అందరూ మడతక్క అనేవారు. ఎంత పెద్ద దుప్పటైనా ఒక్కతే మడతపెట్టేసేది. మాటలు మాత్రం మడతలేకుండా మొహానే అనేసేది.

ఆమె భర్త కోల్డ్ స్టోరేజీలో రాత్రి వాచ్‌మన్. పొద్దున ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె చెప్పులు వేసుకుంటూ ఉండేది. "అన్నం మీద మూత పెట్టాను" అని ఆమె, "పదిలంగా వెళ్లు" అని ఆయన. ఏళ్ల తరబడి కాపురమంతా గుమ్మం మీదే గడిచిపోయింది. ఉన్నది ఒక్కటే మంచం, పగలు ఆయనది, రాత్రి ఆమెది. దిండుకు అంటిన ఆయన తలనూనె వాసనలో మొహం దాచుకుని నిద్రపోయేది.

ఈమధ్య నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి, రెండుసార్లు బీపీ చూసింది.

"కింది అంకె బాగా ఎక్కువుందమ్మా."

"అంటే?"

"గుండె ఒకసారి కొట్టుకున్నాక కాస్త వదులై, రక్తం నింపుకుంటుంది. ఆ విరామంలో కూడా నాళాల్లో ఒత్తిడి ఎంతుందో కింది అంకె చెబుతుంది. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి ఎదురీది నీ గుండె బిగుసుకుపోయింది. సరిగా వదులవ్వడం లేదు, అందుకే ఆయాసం."

"గుండెకీ విరామం ఉంటుందా?"

"ఉండాలి మరి."

మడతక్క నవ్వబోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు గుమ్మంలోనే ఆయనకు చెప్పింది. పగటి డ్యూటీ అడిగి చూశాడు, కుదరదన్నారు. చివరికి ఆమే లాండ్రీలో అడిగి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చే ఏర్పాటు చేసుకుంది.

మొదటిరోజు వచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి గుర్రుపెడుతున్నాడు. దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి గానీ లేపబుద్ధి కాలేదు. పక్కన ఒదిగి పడుకుంది. ఆయన మెడమీది వెంట్రుకలు ఎప్పుడు తెల్లబడ్డాయో ఆమెకు తెలీదు. వీపుమీద చెయ్యి వేస్తే నిద్రలోనే జరిగి చోటిచ్చాడు.

సాయంత్రం లేచి, "ఎప్పుడొచ్చావు?" అన్నాడు.

"ఇప్పుడే."

"లేపకపోయావా?"

"రేపు లేపుతాలే."

మాత్రలు వాడి, ఉప్పు తగ్గించాక కొన్ని నెలలకు కింది అంకె దిగింది, ఆయాసమూ తగ్గింది. ఆయన్ని లేపడం మాత్రం ఇప్పటికీ ఆమెకు చేతకాలేదు. సాయంత్రం ఆయన డ్యూటీకి వెళ్లేముందు ఇద్దరూ మంచంమీద కాసేపు కూర్చుంటారు. ఇన్నాళ్లకు తీరిక దొరికితే ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తోచదు.

"నీ జడ పలచబడిందే" అన్నాడు ఓరోజు.

"ఇప్పుడు చూశారా?" అందామె, ఆయన వైపు ఇంకాస్త జరుగుతూ.